గ్యాస్ టర్బైన్ బ్లేడులో ఇంకెన్ని గంటలు మిగిలాయి? లెక్క తేల్చే పద్ధతి

మా కడప వైపు పశువుల సంతలో ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. వయసు తెలిసిపోతుంది. అనుభవం ఉన్న రైతు అక్కడితో ఆగడు. మెడ మీద కాడి రాసిన చోటు తడుముతాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, ఇన్నాళ్లూ నల్లరేగడి దున్నిందా, గరుగు నేల దున్నిందా అని ఆరా తీస్తాడు. ఇంకెన్నేళ్లు కాడి మోస్తుందన్నదే అతనికి కావాలి, పళ్లు అది చెప్పవు.

గ్యాస్ టర్బైన్ బ్లేడుకూ ఇదే వర్తిస్తుంది. కంట్రోల్ రూమ్‌లోని గంటల మీటరు ఎద్దు పళ్లలాంటిది. నేను చాలా ఏళ్లు గోదావరి వైపు గ్యాస్ ప్లాంటు మెయింటెనెన్స్‌లో పనిచేసి ఇప్పుడు కడపలో ఉంటున్నాను. ముద్దనూరు దగ్గరి బొగ్గు కరెంటు ప్లాంటు ఆర్‌టీపీపీలో పనిచేసే కుర్రాళ్లు, పులివెందుల, అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీల పిల్లలు అప్పుడప్పుడు వచ్చి బ్లేడులో ఇంకెన్ని గంటలు మిగిలాయో ఎలా తేల్చాలని అడుగుతుంటారు. మన జిల్లాల్లో కరెంటంటే బొగ్గు, గాలి, ఎండ. కానీ ఉద్యోగం గుజరాత్‌కో గల్ఫ్‌కో తీసుకెళ్తే మొదట ఎదురయ్యేది గ్యాస్ టర్బైనే. ఆ మాటకొస్తే కడప విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ విమానం రెక్కల కింద ఉన్నవీ చిన్న గ్యాస్ టర్బైన్లే. ఇక్కడ మాత్రం కరెంటు ప్లాంటులోని పెద్ద మెషిన్, అందులోనూ మొదటి వరస తిరిగే బ్లేడు గురించే చెబుతాను. మండిన గ్యాస్ ముందుగా తగిలి ఇరుసును తిప్పే రెక్క అది.

ముందు, ఆ బ్లేడు పడే కష్టం

ఆర్‌టీపీపీ 210 మెగావాట్ల యూనిట్లలో టర్బైన్‌కు వెళ్లే ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉంటుంది. పాత తరం ఈ-క్లాస్ గ్యాస్ టర్బైన్‌లో మొదటి వరసకు తగిలే గ్యాస్ 1,100 డిగ్రీలు దాటుతుంది. లోపలి రంధ్రాల గుండా గాలి పంపి చల్లబరుస్తారు కాబట్టి లోహం 850, 900 ప్రాంతంలో నిలుస్తుంది. అంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము రంగులో ఉండి పనిచేస్తుందన్నమాట.

దాని మీద లాగుడు వేరే. జొన్నచేను మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవాళ్లకు రాయి చేతిని ఎలా లాగుతుందో తెలుసు. 3,000 ఆర్‌పీఎం దగ్గర, ఇరుసు నుంచి మీటరు దూరంలో ఉన్న ఒక్కో కిలో లోహం దాదాపు 10 టన్నుల బలంతో బయటికి లాగుతుంది. ఆ వేడిలో, ఆ లాగుడుకు లోహం గంటగంటకూ కంటికి కనపడనంత సాగుతూ పోతుంది. దాన్నే క్రీప్ అంటారు. స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు ఒక్కసారిగా వేడెక్కి, చల్లబడి పగుళ్లు పుట్టడం ఇంకో బాధ. పైపూత తినుకుపోవడం మూడోది. లోహం లోపలి నిర్మాణమే ముతకబడటం నాలుగోది. నాలుగూ కలిసి నడుస్తాయి. ఏది ముందు బ్లేడును కూల్చుతుందో కనిపెట్టడమే మన పని.

ప్రశ్న సరిగా వేసుకోండి

"ఈ బ్లేడు ఆయుష్షు ఎంత?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకండి. "ఈ సెట్ వచ్చే ఓపెనింగ్ దాకా భద్రంగా నిలుస్తుందా?" అని ప్రశ్నను మార్చండి. సెట్ అంటే ఒక వరసలోని బ్లేడులన్నీ, ఓపెనింగ్ అంటే మెషిన్ విప్పి చూసే రోజు. అమెరికా కంపెనీ జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) పాత తరం పెద్ద మెషిన్లలో సహజవాయువు మీద ఆగకుండా నడిస్తే 8,000 గంటలకు దహన భాగాలు, 24,000 గంటలకు వేడి గ్యాస్ దారి మొత్తం, 48,000 గంటలకు మేజర్, అంటే మొత్తం మెషిన్ విప్పి చూడాలన్నది అలవాటైన లెక్క. మీ జవాబు ఈ గడుల్లో ఏదో ఒకదానికి సరిపోవాలి. "ఇంకా 31,400 గంటలు" అని రాసిన రిపోర్టు చూస్తే నాకు నవ్వొస్తుంది. అంత కచ్చితత్వం ఈ విద్యలో లేదు.

కాగితాలు తవ్వండి

కుర్రాళ్లు నేరుగా మైక్రోస్కోప్ దగ్గరికి పరిగెత్తుతారు. నన్నడిగితే సగం జవాబు లాగ్‌షీట్లలోనే ఉంటుంది.

గంటలు, స్టార్ట్‌లు, ట్రిప్‌లు (నడుస్తూ నడుస్తూ మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోవడాలు) విడివిడిగా రాసుకోండి. మన పల్లెల్లో బోరు మోటారు ఎందుకు కాలిపోతుంది? ఆగకుండా పది గంటలు నడిచినందుకు కాదు, కరెంటు పదిసార్లు పోయి వచ్చి, పదిసార్లు స్టార్ట్ అయినందుకు. బ్లేడుదీ అదే బాధ. ఫుల్ లోడ్ మీద ఉండగా ట్రిప్ అయితే మంట ఒక్కసారిగా ఆరిపోయి, ఎర్రగా ఉన్న బ్లేడుకు చల్లగాలి తగులుతుంది. జీఈ పద్ధతిలో అలాంటి ఒక్క ట్రిప్ 8 మామూలు స్టార్ట్‌లతో సమానం. ఒక మెషిన్ 310 సార్లు స్టార్ట్ అయి, అందులో 25 సార్లు ఫుల్ లోడ్ ట్రిప్‌తో ఆగిందనుకోండి. 285 మామూలువి, 25 ఇంటు 8 అంటే 200, మొత్తం 485. మీటరు 310 చూపిస్తుంది, బ్లేడు 485 అనుభవించింది. కొన్ని కంపెనీలు ఒక్కో స్టార్ట్‌కు ఇన్ని గంటలని కట్టి అంతా ఒకే సంఖ్యగా చేస్తాయి, జీఈ గంటలను, స్టార్ట్‌లను వేరువేరుగా లెక్కించి ఏది ముందు నిండితే అదే హద్దు అంటుంది. మీ మెషిన్ ఎవరిదైతే వాళ్ల పద్ధతే వాడండి, రెండూ కలపకండి.

తర్వాత ఇంధనం. సహజవాయువు మీద నడిచిన గంట ఒక గంటే. డీజిల్ లాంటి ద్రవ ఇంధనం మీద దాదాపు గంటన్నర కింద లెక్క. ముడి నూనె మడ్డి లాంటివాటి మీద మూడు, నాలుగు గంటలు. అన్నిటికంటే ఖరీదైనది పీక్ లోడ్. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 44 డిగ్రీల ఎండలో గాలి పలచబడి మెషిన్ ఔట్‌పుట్ పడిపోతుంది. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఆపరేటర్ పీక్ మోడ్ నొక్కుతాడు. ఈ-క్లాస్‌లో మంట ఉష్ణోగ్రత 56 డిగ్రీలు పెంచి నడిపిన ఒక్కో గంటనూ ఆరు గంటలుగా లెక్కేస్తారు. పైగా బ్లేడును చల్లబరిచే గాలీ ఆ వేడి రోజుల్లో వేడిగానే వస్తుంది. అందుకే వేసవి లాగ్‌షీట్లు విడిగా తీసి చూడండి.

ఆగిపోయి ఉన్న కాలాన్నీ వదలొద్దు. 2013 ప్రాంతం నుంచి కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయి ఆంధ్రలో చాలా గ్యాస్ ప్లాంట్లు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. నడవలేదు కాబట్టి అరగలేదనుకోవడం పొరపాటు. నడిచినప్పుడు పేరుకున్న ఉప్పు, గంధకం తేమతో కలిసి నిలువలోనే లోహాన్ని గుంతలు గుంతలుగా తింటాయి.

చివరగా సీరియల్ నంబర్లు. ప్రతి బ్లేడు రూట్ (రోటర్‌లో ఇమిడే కింది భాగం) మీదా ఉంటాయి. నేను చూసిన ఒక ప్లాంటులో రికార్డు ప్రకారం సెట్ మొత్తం ఒకే వయసు. నంబర్లు చదివితే ఏడు బ్లేడులు అంతకుముందు వేరే మెషిన్‌లో నడిచినవని తేలింది. ఆ ఏడింటి చరిత్ర ఎక్కడా లేదు. అలాంటివి కనపడితే వాటిని అందరికంటే పెద్దవాళ్ల కింద లెక్కేయాలి.

కడగక ముందే చూడండి

రోటర్ (బ్లేడులతో సహా తిరిగే ఇరుసు) బయటపడగానే శుభ్రం చేసే ఆత్రం అందరికీ ఉంటుంది. ఆపండి. బ్లేడు మీది మసి, పొర మొదటి సాక్ష్యం. దాన్ని గీకి, ఏ బ్లేడు, ఏ చోటు అని రాసి, సంచిలో వేసి ల్యాబ్‌కు పంపాలి. సోడియం, గంధకం దొరికితే సోడియం సల్ఫేట్ ఉన్నట్టే. అది 884 డిగ్రీల దగ్గర కరిగి పైపూతను తినేస్తుంది. దీన్నే హాట్ కరోషన్ అంటారు, సముద్రం దగ్గరి ప్లాంట్లకు పెద్ద బెడద. ద్రవ ఇంధనం వాడిన చోట వెనేడియం కోసం కూడా వెతకండి.

సీమలో సముద్రపు ఉప్పు లేదు గానీ దుమ్ము ఉంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాయి దుమ్ము ఎలా కమ్ముతుందో చూసినవాళ్లకు తెలుసు. ఫిల్టర్ దాటి వచ్చే అలాంటి సున్నపు దుమ్ము బ్లేడు లోపలి గాలి రంధ్రాలను మూసేస్తుంది. 1,200 డిగ్రీలు దాటే కొత్త తరం మెషిన్లలో, విమాన ఇంజన్లలో అయితే కరిగి గాజులా మారి సిరామిక్ పూతను పెచ్చులు లేపుతుంది.

తర్వాత కంటితో, భూతద్దంతో చూడండి. రంగు మారిన చోట్లు, పూత ఊడిన చోట్లు, కొన రాసుకున్న గుర్తులు, వెనక అంచున వెంట్రుకల్లాంటి గీతలు. అన్నిటికీ ఫోటోలు తీయండి. స్కేలు పక్కన పెట్టి తీయండి.

కొలతలు

పొడవు, తొడుగు (గాలి దారి చుట్టూ ఉన్న గోడ) మందం, మెలిక, బరువు. క్రీప్ అంటే సాగడం కాబట్టి పొడవు కొలిస్తే సరిపోతుందనిపిస్తుంది. ఇక్కడో మోసం ఉంది. సాగిన బ్లేడు కొన పైన ఉన్న కేసింగ్‌కు రాసుకుని అరిగిపోతుంది. రెండు మిల్లీమీటర్లు సాగి, రెండూ అరిగితే పొడవు కొత్తదాని లాగే కనపడుతుంది. అందుకే కొనలో రాపిడి గుర్తు ఉన్న బ్లేడు పొడవును నమ్మకండి. మెలిక విడిందా అని చూడండి.

లోపలి గాలి దారులకు ఎక్స్‌రే తీయండి, ఒక్కో బ్లేడులోంచి ఒకే ఒత్తిడితో గాలి పంపి ఎంత పోతుందో కొలవండి. పగుళ్లకు ఫ్లోరసెంట్ పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి మెరిసే ద్రవం), అనుమానం ఉన్న అంచులకు ఎడ్డీ కరెంట్ (తీగచుట్టతో చేసే విద్యుత్ పరీక్ష). ఇవన్నీ రోజూ జరిగే పనులే, ఎవరైనా మంచి టెక్నీషియన్ చేస్తాడు.

ఏ బ్లేడును కోయాలి?

పాడుచేయకుండా చేసే పరీక్షలతో లోపలి సంగతి పూర్తిగా తెలియదు. కనీసం ఒక బ్లేడును బలి ఇవ్వాలి, రెండైతే మేలు. మేనేజర్‌కు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే, ఒక్కో బ్లేడు ఖరీదు లక్షల్లో ఉంటుంది. దాంతో "ఎలాగూ దెబ్బతిన్నది కదా, ఆ అంచు విరిగినదాన్నే కోయండి" అంటారు. ఒప్పుకోకండి. రాయి తగిలి విరిగిన బ్లేడు వరసలోని మిగతా 91 బ్లేడుల గురించి ఏమీ చెప్పదు.

ఏది ఎంచుకోవాలి? ఎక్కువ వేడి చూపిన బర్నర్‌కు ఎదురుగా ఉన్నది అని చాలామంది అంటారు. కదలకుండా నిలబడి గ్యాస్‌ను బ్లేడుల మీదికి మళ్లించే నాజిల్ వేన్‌కైతే అది నిజం. తిరిగే బ్లేడు ప్రతి చుట్టులోనూ అన్ని బర్నర్ల ముందూ పోతుంది కాబట్టి అందరి వేడీ సమానంగా పంచుకుంటుంది. ఒకే వరసలో బ్లేడుకూ బ్లేడుకూ తేడా వచ్చేది లోపలి గాలి దారి మూసుకుపోవడం వల్ల, లేదా పోత తేడా వల్ల. కాబట్టి గాలి పరీక్షలో అన్నిటికంటే తక్కువ వచ్చిన బ్లేడును తీసుకోండి. రెండోది సగటుది.

కోసేటప్పుడు రూట్ ముక్కను పారేయకండి. రూట్ భాగం చల్లగా ఉంటుంది, లోహం దాదాపు పోత పోసిన రోజున ఉన్నట్టే ఉంటుంది. అంటే ప్రతి బ్లేడూ తన కొత్తనాటి ఫోటోను తన కాలి దగ్గరే దాచుకుంటుందన్నమాట. దానితో పోల్చడానికి పై భాగం నుంచి మూడు ఎత్తుల్లో ముక్కలు తీయండి. లాగుడు కింద ఎక్కువ, కొనకు పోయేకొద్దీ తక్కువ. వేడి మధ్యలో ఎక్కువ. రెండూ కలిసి గట్టిగా నొక్కే చోటు సాధారణంగా సగం ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ ముక్కే ముఖ్యం.

లోహం లోపలికి

బేతంచెర్లలో రాయి పాలిష్ చేయడం చూశారా? ముతక రాపిడి రాయితో మొదలుపెట్టి, మెత్తదనం పెంచుకుంటూ పోతారు. ఒక్క దశ ఎగ్గొడితే చివర్లో గీతలు తేలతాయి. మెటలోగ్రఫీ (లోహం లోపలి నిర్మాణం చూసే పరీక్ష) నమూనాకూ అదే పద్ధతి. ఆఖరున మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వజ్రపు పేస్టు, తర్వాత ఆమ్లంతో ఎచింగ్, అప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్.

ఇన్కోనెల్ 738 లాంటి నికెల్ మిశ్రలోహానికి బలం ఇచ్చేది గామా ప్రైమ్ అనే సన్నటి కణాలు. కొత్త లోహంలో దాదాపు అర మైక్రాన్ సైజు ఘనాల్లా ఉంటాయి, వాటి మధ్య ఇంకా చిన్న గుండ్రటి కణాలు నిండి ఉంటాయి. వేడిలో ఏళ్లు గడిచేకొద్దీ చిన్నవి కరిగి పెద్దవాటిలో కలిసిపోతాయి, పెద్దవాటి మూలలు అరిగి గుండ్రమవుతాయి. రూట్ ముక్క, మధ్య ముక్క పక్కపక్కన పెడితే తేడా కొత్తవాడికీ కనపడుతుంది. గ్రెయిన్ (లోహపు స్ఫటికం) సరిహద్దుల్లో విడివిడి చుక్కల్లా ఉండాల్సిన కార్బైడ్లు (లోహం, కార్బన్ కలిసిన గట్టి కణాలు) గీతలా కలిసిపోయాయా, సిగ్మా అనే సూదుల్లాంటి పెళుసు పదార్థం పుట్టిందా, సరిహద్దుల మీద చిన్న ఖాళీలు ఏర్పడ్డాయా అని కూడా చూడాలి. ఖాళీలు వరసగా కలుస్తుంటే క్రీప్ చివరి దశకు వచ్చినట్టు.

పైపూతను విడిగా కొలవండి. వెంట్రుక మందం నుంచి దానికి మూడింతల దాకా ఉంటుందంతే. అందులో అల్యూమినియం నిల్వ ఉండే బీటా పొర ఎంత మిగిలిందన్నది అసలు సంగతి. అది అయిపోతే కింది లోహం ఎంత బాగున్నా తినుకుపోవడం మొదలవుతుంది. ఎక్కువ సెట్లలో ముందు అయిపోయేది పూతే.

వేడిని తేల్చి, లెక్క కట్టండి

లోహం నిజంగా ఎంత వేడి మీద నడిచిందన్నదే మొత్తం లెక్కకు కీలకం. అక్కడ వేడిని కొలిచే థర్మోకపుల్ ఉండదు, ఎగ్జాస్ట్‌లోనే ఉంటుంది. అందుకని మూడు దారుల్లో అంచనా కట్టాలి: గామా ప్రైమ్ ఎంత పెరిగింది, పూతకూ లోహానికీ మధ్య కలిసిపోయిన పొర ఎంత మందం అయింది, డిజైన్ లెక్క ఏం చెబుతోంది. మూడూ 20 డిగ్రీల లోపు కలిస్తే నేను సంతోషపడతాను. కలవకపోతే ఎక్కువ చెప్పినదాన్నే తీసుకుంటాను.

ఇప్పుడు క్రీప్ పరీక్ష. బ్లేడు మధ్య భాగం నుంచి చిన్న కడ్డీలు తీసి, వేడిచేసి, బరువు వేలాడదీసి తెగేదాకా లాగుతారు. త్వరగా తెగడానికి బరువు పెంచకండి. బరువు పెంచితే లోహం తెగే తీరే మారిపోతుంది. సర్వీసులో ఉన్న ఒత్తిడే ఉంచి, వేడి పెంచండి. 910, 930, 950, 970 ఇలా మూడు నాలుగు చోట్ల చేస్తే గ్రాఫు గీయొచ్చు.

ఒక లెక్క చూద్దాం. 150 మెగాపాస్కల్ ఒత్తిడి మీద, 930 డిగ్రీల దగ్గర కడ్డీ 400 గంటలకు తెగింది. లార్సన్, మిల్లర్ 1952లో ఇచ్చిన సూత్రం ప్రకారం కెల్విన్‌లో ఉష్ణోగ్రతను, 20కి గంటల లాగరిథమ్ కలిపిన మొత్తంతో గుణించాలి. 930కి 273 కలిపితే 1203. 400 లాగరిథమ్ 2.602, దానికి 20 కలిపితే 22.602. గుణిస్తే దాదాపు 27,190. సర్వీసు ఉష్ణోగ్రత 850 డిగ్రీలు, అంటే 1123 కెల్విన్. 27,190ని 1123తో భాగిస్తే 24.21. అందులోంచి 20 తీసేస్తే 4.21. పది మీద ఆ ఘాతం అంటే సుమారు 16,300 గంటలు. వాడిన బ్లేడు నుంచే కడ్డీ తీశాం కాబట్టి ఇది మొత్తం ఆయుష్షు కాదు, నేరుగా మిగిలినదే.

ఇప్పుడు అదే లెక్క 860 డిగ్రీలకు చేయండి. 9,950 గంటలొస్తుంది. 865కి చేస్తే 7,800. పదిహేను డిగ్రీల పొరపాటుకు సగం ఆయుష్షు గల్లంతు! ఉష్ణోగ్రత దగ్గర అంత సతాయించడానికి కారణం ఇదే. గాలి దారి మూసుకున్న బ్లేడును వెతికి మరీ కోయమన్నదీ ఇందుకే.

కడ్డీలు సన్నగా ఉంటాయి కాబట్టి గాలిలో ఆక్సీకరణ వల్ల కొంచెం ముందే తెగుతాయి, ఆ తప్పు మన భద్రత వైపే ఉంది. పరీక్ష ఫలితాల్లో సగటును కాక అన్నిటికంటే తక్కువ చూపే కింది గీతను పట్టుకోండి, ఆ గంటలను రెండుతో భాగించండి.

పగుళ్లు

వీటికి నియమం చిన్నదే. ప్లాట్‌ఫాం (బ్లేడు అడుగు పీట) కింద, షాంక్‌లో (పీటకూ రూట్‌కూ మధ్య మెడ), రూట్‌లో ఎక్కడ పగులు కనపడినా ఆ బ్లేడు తిరిగి రోటర్ ఎక్కకూడదు. కొన దగ్గరి చిన్న పగుళ్లను తయారీదారు హద్దుల్లో ఉంటే కోసి వెల్డ్ చేసి నింపవచ్చు. అంచు మీద రాయి తగిలిన గంటు ఉంటే క్రీప్ లెక్కలన్నీ పక్కన పెట్టండి. అక్కడి నుంచి కంపనం వల్ల పగులు మొదలైతే రోజుల్లోనే బ్లేడు విరగొచ్చు.

ఏం చేయాలో తేల్చడం

మన ఉదాహరణలో 16,300ను రెండుతో భాగిస్తే 8,000 చిల్లర. అంటే 24,000 గంటల ఓపెనింగ్ దాకా ఈ సెట్‌ను ఇలాగే పంపడం కుదరదు. రెండు దారులున్నాయి. 8,000 గంటలు నడిపి మళ్లీ తెరవడం ఒకటి. బ్లేడులకు వైద్యం చేయించడం రెండోది.

వైద్యం అంటే పాత పూత తీసేసి, లోహాన్ని మళ్లీ హీట్ ట్రీట్ చేసి, కొత్త పూత వేయడం. ఇన్కోనెల్ 738కి 1,120 డిగ్రీల దగ్గర 2 గంటలు, తర్వాత 845 దగ్గర 24 గంటలు అన్నది ప్రామాణిక పద్ధతి. ముతకబడిన గామా ప్రైమ్ చాలావరకు కరిగి మళ్లీ సన్నగా పుడుతుంది. లోపల క్రీప్ ఖాళీలు మొదలై ఉంటే ముందు హిప్ చేయాలి, అంటే వెయ్యి వాతావరణాల ఒత్తిడి ఉన్న వేడి ఆర్గాన్ వాయువులో నొక్కి మూయడం. పైకి తెరుచుకున్న ఖాళీలను మాత్రం హిప్ మూయలేదు, వాయువు వాటిలోకే దూరిపోతుంది. పూత తీసిన ప్రతిసారీ తొడుగు కొంత పలచబడుతుంది కాబట్టి ఈ వైద్యం ఎన్నిసార్లయినా చేయించలేం. చేయించాక ఆ బ్యాచ్‌తో పాటే ఫర్నేస్‌లో పెట్టిన బలి బ్లేడు ముక్క మీద మళ్లీ క్రీప్ పరీక్ష చేయించండి. వర్క్‌షాప్ ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు.

రిపోర్టు

ఒకే సంఖ్య రాసి సంతకం పెట్టకండి. "ఫలానా సీరియల్ నంబర్ల సెట్, సహజవాయువు మీద, బేస్ లోడ్‌లో, 8,000 గంటల దాకా, ఫుల్ లోడ్ ట్రిప్‌లు 10 మించకుండా, పీక్ మోడ్ లేకుండా, 4,000 గంటలకు ఒకసారి బోర్‌స్కోప్ (లోపలికి దూర్చే సన్న గొట్టం కెమెరా) చూసే షరతు మీద" అని రాయండి. షరతులో ఏది తప్పినా లెక్క మళ్లీ కట్టాలని కింద ఇంకో వాక్యం చేర్చండి. ఉష్ణోగ్రత ఎలా అంచనా వేశారో, ఎన్ని డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చో రాయండి. మీ తర్వాత వచ్చే ఇంజనీర్ ముందు వెతికేది ఆ పేజీనే.

కోసిన బ్లేడు మిగిలిన ముక్కలను, ముఖ్యంగా రూట్‌ను, సీరియల్ నంబర్ చెక్కి, నూనె పూసి, పెట్టెలో పెట్టి స్టోర్స్‌లో ఎంట్రీ వేయించండి. స్టోర్స్ వాళ్లు స్క్రాప్ వేలంలో అమ్మేయకుండా పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి.